పిక్కలో గడ్డ ఉందన్న తమ్ముడికి, ముందు డబ్బు లెక్క

తమ్ముడూ, మారతహళ్లి పీజీలో ఉంటున్నా, పిక్కలో గడ్డ ఉంది, నొప్పి లేదు, పక్క వీధి క్లినిక్‌లో 20 వేలకి తీసేస్తామన్నారు, తీయించుకోనా అని అడిగావు కదా. ఆగు. బెంగళూరు వచ్చిన కొత్తలో, 2011లో నేను చేసింది అదే.

నాది మొదట్లో నిమ్మకాయంత. నొప్పి లేదని ఏడాది వదిలేశా. జామకాయంత అయ్యాక దగ్గర్లో చిన్న నర్సింగ్ హోమ్‌కి పోతే చేత్తో నొక్కి చూసి కొవ్వు గడ్డే అన్నారు. వాళ్లు ఎమ్మారై రాయలేదు, నేనూ అంత డబ్బు ఎందుకులే అని అడగలేదు. అడ్డంగా కోసి తీసేశారు. ముక్కని ల్యాబ్‌కి పంపాలంటే ఇంకో 2 వేలు అన్నారు, వద్దన్నా. మిగిలిన డబ్బు ఇంటికి పంపి సంతోషపడ్డా కూడా. 14 నెలలకి అక్కడే మళ్లీ లేచింది, ఈసారి టెస్ట్ చేస్తే సార్కోమా, అంటే కండ, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్.

గడ్డల్లో ఎక్కువ భాగం మామూలు కొవ్వు గడ్డలే, నీదీ అదే అయ్యుండొచ్చు. కానీ 5 సెంటీమీటర్లు దాటినా, కండ లోపల ఉన్నా, పెరుగుతున్నా ముందు ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క టెస్ట్, అదీ రేపు ఆపరేషన్ చేసే డాక్టర్ చెప్పిన చోటే, ఎందుకంటే సూది దిగిన దారిని కూడా గడ్డతో పాటు తీసేయాల్సి రావచ్చు. నాకు కాలి పొడవునా కాకుండా అడ్డంగా కోశారు కాబట్టి రెండోసారి పాత మచ్చ, చుట్టూ చర్మం, కండ అన్నీ తీయాల్సొచ్చింది, మోకాలి కింద చర్మం బిగుతుగా ఉంటుంది కదా, మూయడానికి చాలక తొడ నుంచి తెచ్చి అతికించారు. పాదం పైకెత్తే నరం దక్కింది, కాలు దక్కింది. తర్వాత 6 వారాలు రేడియేషన్.

ఇక డబ్బు, నన్ను అసలు కుదిపింది ఇదే. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ ఉంది కదా అని ఆసుపత్రిలో రోజుకి 8 వేల రూమ్ తీసుకున్నా, పాలసీలో రూమ్ లిమిట్ 4 వేలు. రూమ్ తేడా ఒక్కటే కట్టాలనుకున్నా, కాదు, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా ఇన్సూరెన్స్ వాళ్లు అదే లెక్కన సగానికి కోసేశారు. ఇల్లు ఖాళీ చేసి 10 నెలల అడ్వాన్స్ వెనక్కి తీసుకుంటే పెయింటింగ్‌కని ఓనర్ ఒక నెల అద్దె పట్టుకున్నాడు, ఆ కాలితోనే మళ్లీ పీజీకి వచ్చా. అయినా వడ్డీకి ఒక్క రూపాయి తేలేదు, ఊళ్లో ఎవరినీ అడగలేదు, ఆ ధైర్యం ఇప్పటికీ నాకు గర్వమే. మీ వయసు పిల్లలు జీతం స్లిప్ చూస్తారు గానీ పాలసీ కాగితం చదవరు. వెయిటింగ్ పీరియడ్ (పాలసీ మొదలయ్యాక కొన్ని జబ్బులకి డబ్బు ఇవ్వని కాలం), ఆరోగ్యశ్రీ రూల్స్ మారుతుంటాయి, హెచ్చార్‌ని, హెల్ప్‌లైన్‌ని అడుగు. చేతిలో డబ్బు తక్కువైతే హోసూరు రోడ్డులో కిద్వాయి ఉంది, 1973 నుంచి ఉన్న సర్కారు క్యాన్సర్ ఆసుపత్రి, క్యూ చూసి భయపడకు.

ఆపరేషన్‌తో ఖర్చు అయిపోదు. సార్కోమా అయితే మొదటి రెండు మూడేళ్లు ప్రతి మూడు నాలుగు నెలలకీ కాలు, ఊపిరితిత్తులు చూపించుకోవాలి, దానికి వేరేగా దాచుకో. ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు (టెస్ట్ చేసిన ముక్కని గాజు పలక మీద, మైనంలో దాచినవి) కూడా తెచ్చుకో, వేరే ఆసుపత్రికి మారితే మొదట అడిగేది అవే.

ఆ 20 వేలు ఇప్పుడే కట్టకు. రేపు పొద్దున పాలసీలో రూమ్ లిమిట్ ఉన్న పేజీ ఫోటో తీసి పంపు, నేను చూసి చెప్తా.