కొత్త బేస్ గిటార్‌కి పిక్‌అప్‌లు మార్చాలి, ఏ అప్పు మేలు?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. చేతికి నెలకు 44,000 వస్తుంది. కాంట్రాక్టు మార్చిలో రెన్యూ కావాలి. శని, ఆదివారాలు బ్యాండ్‌లో బేస్ వాయిస్తాను. దాని మీద సగటున నెలకు 3,500 వస్తుంది, ఒక్కో నెల ఏమీ రాదు. మూడు నెలల కిందట 57,000 పెట్టి జాజ్ బేస్ తరహా కొత్త గిటార్ కొన్నాను, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో. గిటార్ బాగుంది కానీ దాంతో వచ్చిన పిక్‌అప్‌ల (తీగల కింద ఉండి వాటి కదలికని పట్టి ఆంప్‌కి పంపే అయస్కాంతపు ముక్కలు) సౌండ్‌లో దమ్ము లేదు. పైగా హమ్, అంటే ఆగకుండా గుయ్‌మనే శబ్దం, వస్తోంది. విదేశీ నాయిస్‌లెస్ పిక్‌అప్‌లు 22,000 పడతాయి. లోన్ యాప్ వాళ్లు 25,000 వెంటనే ఇస్తామంటున్నారు: 9 నెలలు, 30 శాతం వడ్డీ, 6 శాతం ప్రాసెసింగ్ ఫీజు. క్రెడిట్ కార్డ్ కూడా ఉంది, అందులో ఇప్పటికే 32,000 బాకీ. రెండింట్లో ఏది మేలు? ఖర్చుల వివరాలు జతచేశాను.
– కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దు.

పిక్‌అప్‌ల కోసం అప్పు అడిగినవాళ్లు ఇంతవరకూ నా దగ్గరికి రాలేదు. కానీ మీరు చేయబోతున్న పని మాత్రం నెలనెలా చూస్తూనే ఉన్నాను. కెమెరా ఈఎంఐ సగం కూడా తీరకముందే లెన్స్‌కి ఇంకో ఈఎంఐ. ఫ్లాట్‌లో దిగిన ఏడాదికే మాడ్యులర్ కిచెన్‌కి పర్సనల్ లోన్. వస్తువు ఇంకా మనది కాలేదు, దాన్ని ఇంకా బాగు చేయడానికి మాత్రం మళ్లీ చేయి చాపుతున్నాం. అందుకే మీ ఒక్కరి ప్రశ్నకి ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు ఆ యాప్ లెక్క చూద్దాం. 25,000 మీద 6 శాతం ఫీజు అంటే 1,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 270. ఈ 1,770 ముందే కోసుకుని మీ అకౌంట్‌లో వేసేది 23,230. వడ్డీ మాత్రం పూర్తి 25,000 మీద వేస్తారు. నెలకు 3,136 చొప్పున 9 నెలలు కడితే 28,224. అంటే 9 నెలలకే దాదాపు 5,000 సమర్పించుకుంటారు. మీ చేతికి నిజంగా వచ్చిన డబ్బు మీద లెక్కేస్తే అది ఏడాదికి 49 శాతం దగ్గర తేలుతుంది. లోన్ ఇచ్చేముందు వాళ్లు చూపించాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే వివరాల పత్రంలో ఏపీఆర్ (ఫీజులతో సహా ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం) అనే గడి ఉంటుంది. వడ్డీ 30 శాతం అని పెద్ద అక్షరాల్లో రాసినవాళ్లు ఆ గడిలో ఏం రాశారో చూశారా? చూసి ఉంటే ఈ ప్రశ్న అడిగేవారు కాదనుకుంటాను.

కార్డ్ సంగతి అంతకన్నా మెరుగేం కాదు. మీరు పంపిన స్టేట్‌మెంట్ ప్రకారం వడ్డీ నెలకు 3.5 శాతం. 32,000 మీద 1,120, జీఎస్టీతో కలిపి 1,322. మీరు నెలనెలా 1,900 కట్టి 'మినిమం కంటే ఎక్కువే కడుతున్నాను' అని రాశారు. ఆ 1,900లో అసలుకి జమయ్యేది 578 రూపాయలు. పైగా పాత బాకీ నడుస్తున్నంత కాలం, కొత్తగా ఆ కార్డ్ మీద ఏం కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. ఆ కార్డ్ మీద ఇంకో 22,000 అన్న ఆలోచనే రాకూడదు.

ఇప్పుడు మీ ఖర్చుల పట్టిక. అద్దెలో మీ వాటా 9,500, జనగామలో అమ్మానాన్నలకు 8,000, బండి ఈఎంఐ 3,900, గిటార్ ఈఎంఐ 4,750, కార్డ్‌కి 1,900, తిండి, పెట్రోలు, ఫోను కలిపి 10,500, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 2,000. అన్నీ పోను మిగిలేది 3,450. అందులోంచి యాప్‌కి 3,136 కడితే మీ దగ్గర 314 రూపాయలుంటాయి. నెలంతటికీ. బండి టైరు పంక్చరై ట్యూబ్ మార్చాల్సి వస్తేనే ఖాళీ అయ్యే డబ్బు అది. మార్చిలో కాంట్రాక్టు రెన్యూ కాకపోతే? ఈ యాప్ వాయిదాల్లో కొన్ని అప్పటికీ మిగిలే ఉంటాయి.

కొత్త సౌండ్ వస్తే ప్రోగ్రాములు పెరుగుతాయి, ఆ డబ్బుతోనే కట్టేస్తానని రాశారు. పెరగాలనే నేనూ కోరుకుంటాను. కానీ ఒక్కో నెల ఏమీ రాదని కూడా మీరే రాశారు కదా. ఈఎంఐ మాత్రం ఆ నెల కూడా అయిదో తారీఖున కోసేస్తుంది.

నాకు గిటార్ వాయించడం రాదు. మా మేనల్లుడు ఎనిమిదేళ్లుగా బేస్ వాయిస్తున్నాడు. మీ ఉత్తరం చూపించి, పోయిన ఆదివారం అతన్ని మా ఇంట్లో కూర్చోబెట్టాను. తన గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి, పిక్‌అప్ అంచుల్లో ఉన్న చిన్న స్క్రూలు చూపించాడు. అవి తిప్పితే పిక్‌అప్ తీగల వైపు లేస్తుంది, లేదా కిందికి దిగుతుంది. ఒక వైపు స్క్రూని రెండు చుట్లు తిప్పి అదే తీగ మళ్లీ మీటాడు. సంగీతం తెలియని నా చెవికి కూడా తేడా తెలిసింది, శబ్దం ముందుకొచ్చింది. మరీ దగ్గరికి తెస్తే అయస్కాంతం తీగని లాగి స్వరం చెడుతుందట, అందుకని కొద్దికొద్దిగా తిప్పుతూ వినాలట. 'షాపులో పెట్టెలోంచి తీసినప్పుడు ఈ ఎత్తు ఎట్లుంటే అట్లనే వదిలేస్తరు మామా. ముందు ఇది చూసుకొని, కొత్త స్ట్రింగ్స్ వేసి, ఒక సెటప్ చేయించమను. సగం మందికి ఆడనే సంగతి తేలుతది' అన్నాడు. సెటప్ అంటే తీగల ఎత్తు, మెడ వంపు లాంటివి సరిచేయించడం. తీగల సెట్ రెండు వేల చుట్టూ దొరుకుతుంది. స్క్రూ తిప్పడానికి ఖర్చు లేదు.

హమ్ గురించి కూడా అడిగాను. ఫెండర్ అనే గిటార్ల కంపెనీ 1960లో జాజ్ బేస్ తెచ్చినప్పటి నుంచి ఆ తరహా గిటార్లలో రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పిక్‌అప్‌లు ఉంటాయి. ఒకదానికి ఎదురు దిశలో రెండోది పనిచేసేలా చుడతారు కాబట్టి, రెండు వాల్యూములూ సమానంగా ఉంటే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి తగ్గిస్తే వినపడుతుంది. కాబట్టి మొదట రెండు నాబ్‌లూ పూర్తిగా తిప్పి వినండి. తీగల మీద చేయి వేస్తే హమ్ తగ్గుతోందంటే లోపలి గుంతలో రాగి రేకు అతికించి షీల్డింగ్ చేయిస్తే చాలావరకు పోతుందని చెప్పాడు. మీ గదిలో ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో కూడా చూడాలి. అద్దె ఇళ్లలో ఇదో పెద్ద తలనొప్పి. వేరే ఇంట్లో, వేరే ఆంప్‌కి పెట్టి వింటే తెలిసిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా మీ చెవికి నచ్చకపోవచ్చు. నాయిస్‌లెస్ పిక్‌అప్‌లు నిజంగానే హమ్ తగ్గిస్తాయని మేనల్లుడూ ఒప్పుకున్నాడు. కానీ మీరు చెప్పిన 22,000లో బయటి నుంచి తెప్పిస్తే పడే కస్టమ్స్ సుంకం, కొరియర్ వాళ్ల చార్జీలు, సోల్డరింగ్ చేసి బిగించే కూలీ కలిపినట్టు కనపడలేదు. జాజ్ బేస్‌లో మామూలుగా మెడ వైపు పిక్‌అప్, బ్రిడ్జి (తీగల కింది చివర బిగించే చోటు) వైపు పిక్‌అప్ ఒకే పొడవు ఉండవట, బ్రిడ్జిది కాస్త పెద్దది. కొలవకుండా ఆర్డర్ పెడితే గుంతలో పట్టదు, సముద్రం దాటించి వాపసు పంపడం అయ్యే పని కాదు. మూడు నెలల గిటార్ కాబట్టి లోపల చేయి పెడితే వారంటీ ఏమవుతుందో షాపులో అడగండి. మార్చినా పాత పిక్‌అప్‌లు దాచుకోండి. అమ్మేటప్పుడు కొత్తవాటికి పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం.

ఇక నన్ను నిజంగా కంగారు పెట్టిన లైను మీ పట్టికలో అడుగున ఉంది: 'సేవింగ్స్: 11,000. ఇన్సూరెన్స్: కంపెనీది 3 లక్షలు, నాకు మాత్రమే.' దాని పైనే, నాన్నకు 58 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయని రాశారు. పిక్‌అప్‌ల గురించి రెండు పేజీలు రాసిన మీరు దీని గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

నా పాత క్లయింట్ ఒకాయన గత వానాకాలంలో రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నకు ఛాతీలో నొప్పి, ఊరి నుంచి సిటీకి తెచ్చారు. బిల్లింగ్ కౌంటర్‌లో 60,000 అడ్వాన్సు కట్టమన్నారు. ఆయన జీతం మీకు రెట్టింపు. సిప్‌లు మూడు నడుస్తున్నాయి, కానీ రాత్రి పూట అమ్మితే ఆ డబ్బు ఆ రాత్రే చేతికి రాదు. కార్డ్ లిమిట్ టీవీకి, ఫోన్‌కి పోయింది. తెల్లవారి నేను వెళ్లేసరికి, ఆస్పత్రి వాళ్లిచ్చిన చీటీ వెనక వరసగా పేర్లు రాసి ఉన్నాయి. పక్కన 5,000, 3,000, 10,000, 2,000... ఆఫీసులో తెలిసినవాళ్లందరికీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడిగి యూపీఐలో వేయించుకున్నాడు. అందులో ఒక పేరు ఆయన కింద పనిచేసే ట్రైనీ కుర్రాడిది. నాన్న కోలుకున్నారు. ఆ చీటీ మాత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మీ పట్టిక చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

మీ నాన్నకు ఆరోగ్యశ్రీ ఉందని రాశారు, మంచిదే. పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలకు పెరిగింది కూడా. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు, ఆ పథకంలో ఉన్న ఆస్పత్రుల్లోనే. అర్ధరాత్రి దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పరుగెత్తినప్పుడు అది ఆ పథకంలో ఉంటుందన్న నమ్మకం లేదు. అమ్మానాన్నలకు విడిగా పాలసీ తీసుకోండి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే వాటి ఖర్చు పాలసీ ఇవ్వని గడువు, గరిష్ఠంగా మూడేళ్లు ఉండొచ్చు. 58లో మొదలుపెడితే 61కి ఆ గడువు తీరుతుంది, ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ అది ముందుకు జరుగుతుంది. బీపీ, షుగర్ దాచకుండా రాయండి, ఏజెంట్ 'ఏం కాదు సార్' అన్నా సరే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు, అయినా ఆ వయసుకు ప్రీమియం చిన్నదేమీ కాదు. హనుమకొండలో ఉద్యోగం చేస్తున్న మీ అక్కతో మాట్లాడి చెరి సగం వేసుకోండి. మీకూ సొంత పాలసీ ఒకటి ఉండాలి, ఎందుకంటే కాంట్రాక్టు ముగిసిన రోజే కంపెనీ ఇచ్చిన 3 లక్షల కవరూ ముగుస్తుంది.

డబ్బు ఎక్కణ్నుంచి? సిప్ ఆపండి, కొన్ని నెలలే. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ సిప్ నడపడంలో అర్థం లేదు. ఆ 2,000, మిగిలే 3,450, ఇప్పుడు కడుతున్న 1,900 కలిపి నెలకు 7,350 కార్డ్‌కే కట్టండి. కార్డ్‌ని మాత్రం బీరువాలో పెట్టేయాలి. అయిదో నెలలో బాకీ మొత్తం తీరిపోతుంది. ఈ అయిదు నెలలూ బ్యాండ్ డబ్బు వేరే అకౌంట్‌లో వేసి ముట్టుకోకండి. మీ 11,000తో కలిపితే 28,500 అవుతుంది. ఆరో నెల 7,350, ఆ నెల బ్యాండ్ డబ్బు కూడా అందులోకే. దాంతో కార్డ్, సిప్ పోను మీ ఒక నెల ఖర్చు 36,650కి సరిపడా డబ్బు చేతిలో ఉంటుంది. ఆ తర్వాత జీతంలో మిగిలేదాంట్లో ముందు పాలసీల ప్రీమియానికి తీయండి, తక్కినది మూడు నెలల ఖర్చు, అంటే 1,10,000 పోగయ్యేదాకా అదే అకౌంట్‌లోకి. గిటార్ ఈఎంఐ 9 నెలల్లో అయిపోతుంది కాబట్టి అప్పుడు వేగం పెరుగుతుంది.

పిక్‌అప్‌లు కొనొద్దని అనడం లేదు. ఏడో నెల నుంచి బ్యాండ్ డబ్బులో సగం మీ గిటార్‌ది. నెలకు 1,750 చొప్పున ఏడాది పైనే పడుతుంది. పట్టనివ్వండి. ఈలోగా కొత్త తీగలు, సెటప్, షీల్డింగ్ చేయించుకుంటే అసలు పిక్‌అప్‌లే మార్చాలా, ఒకటే మార్చినా చాలా అన్నది మీకే తేలుతుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తప్పులేదు, సైజు కొలుచుకుని కొనండి.

గోల్డ్ లోన్ అని ఇంకో మాట రాశారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి గిటార్ పార్టులు కొనడం గురించి నేను మాట్లాడదలుచుకోలేదు.

ఈ వారం రెండు పనులు చేయండి. లోన్ యాప్‌లో దరఖాస్తు సగంలో ఉందన్నారు, దాన్ని రద్దు చేసి, మీ కాంటాక్టులకు, ఫొటోలకు ఇచ్చిన పర్మిషన్లు తీసేసి, యాప్ ఫోన్‌లోంచి తొలగించండి. కంపెనీ గ్రూప్ పాలసీలో సొంత డబ్బు కట్టి తల్లిదండ్రులను చేర్చుకునే వీలుందా అని హెచ్‌ఆర్‌ని అడగండి. కొన్నిచోట్ల ఉంటుంది, పాత జబ్బులకు వెయిటింగ్ లేకుండానే ఉంటుంది. మార్చిలో కాంట్రాక్టు సంగతి తేలాక కార్డ్ బాకీ ఎంతకు దిగిందో నాకు రాయండి.