మెరిల్‌ను వాకిట్లో నిలబెట్టకు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు షెఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకుంటూనే నవల మొదలుపెట్టావని చెప్పింది. "ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ అట వదినా, అదీ తెలుగులో అట. మీరైనా వాడికి చెప్పండి" అంది. చెబుతానన్నాను. ఆమె చెప్పమన్నది వేరు, నేను చెప్పబోయేది వేరు.

గర్వంగా ఉంది నాయనా. నేను కాలేజీలో ఇంగ్లండు చరిత్ర చెప్పినన్నాళ్ళూ రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్ పేరు సోషలిజం పాఠంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయేది. అతనితో కాపురం చేసిన జార్జ్ మెరిల్ పేరు అసలు వచ్చేది కాదు. ఆ ఇద్దరినీ మన ఇంటి పిల్లవాడు మన భాషలోకి తెస్తున్నాడంటే రాత్రి నిద్ర పట్టలేదు. భయం కూడా అంతే ఉంది. ఆ భయం ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

తేదీలు రెండుసార్లు సరిచూసుకో, రోజూ కొంతైనా రాయి, రాత్రిళ్ళు మేలుకోకు. ఇవి నీకు తెలియనివి కావు. మిల్‌థార్ప్ గ్రామం నీకు దగ్గరే కనుక వెళ్ళి చూడు. ఎండ కాసే రోజున మాత్రం వెళ్ళకు. మెరిల్ తన సామానుతో అక్కడి కార్పెంటర్ ఇంటికి చేరింది 1898 ఫిబ్రవరిలో. ఆ చలి నీ కాళ్ళకు తెలియాలి. మఫ్లరు మరిచిపోకు. చిన్నప్పటి నుంచీ నీకు గొంతునొప్పి త్వరగా వస్తుంది.

ఇక అసలు సంగతి. కార్పెంటర్ 1844లో పుట్టిన కలవారి బిడ్డ. కేంబ్రిడ్జ్‌లో చదివి, చర్చిలో పురోహితుడై, 1874లో ఆ పదవి వదిలేసి ఉత్తరాది పట్టణాలలో పామరులకు పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. తండ్రి పోయాక వచ్చిన ఆస్తితో మిల్‌థార్ప్‌లో ఇల్లు కట్టుకుని కూరగాయలు పండించాడు, చెప్పులు కుట్టాడు. ఆ చెప్పుల నమూనా మన దేశం నుంచి, అలీగఢ్‌లో పాఠాలు చెబుతున్న ఒక మిత్రుడు పంపిన కాశ్మీరు చెప్పుల జత నుంచి వచ్చిందని ఎక్కడో ఒక చోట తప్పక రాయి. మెరిల్ అతని కన్నా ఇరవై రెండేళ్ళు చిన్న. షెఫీల్డ్ మురికివాడలో పెరిగి, దొరికిన పనల్లా చేసినవాడు. 1891లో రైలులో చూపులు కలిశాయి. ఇదంతా నీకు కంఠతా వచ్చి ఉంటుంది. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఒక్క పేరా సమాచారంలోనే నిన్ను ముంచే గొయ్యి ఉంది. ఒకడి గురించి ఎన్ని వాక్యాలు వచ్చాయో, రెండోవాడి గురించి ఎన్ని వచ్చాయో చూడు.

వాళ్ళ కాలంలో చట్టం కన్నా ముందు అంతస్తు వాసన పట్టేది. 1885 చట్టం ప్రకారం మగవాళ్ళ మధ్య ప్రేమకు రెండేళ్ళ వరకు జైలు. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌ను కోర్టులో నిలబెట్టినప్పుడు ఎదుటి పక్షం న్యాయవాది ఏం అడిగాడో చదువు. మీ బల్ల దగ్గర భోజనం చేసిన కుర్రవాళ్ళలో ఒకడు ఇంటి నౌకరు, ఇంకొకడు గుర్రాలశాల పనివాడు అని మీకు తెలియదా, అలాంటివాళ్ళతో మీకు ఏం పని అని నిలదీశాడు. వైల్డ్ ఇచ్చిన వెండి సిగరెట్ పెట్టెలు సాక్ష్యాలయ్యాయి. ఒక కుర్రవాడికి కొనిచ్చిన కొత్త బట్టలు, గడ్డి టోపీ సాక్ష్యాలయ్యాయి. పెద్దింటివాడు మరొక పెద్దింటివాడికి వెండి పెట్టె ఇస్తే స్నేహం, పేదవాడికి ఇస్తే నేరం. కనుక నీ కార్పెంటర్ చేత మెరిల్‌కు ఒక చిన్న కానుక ఇప్పించాలన్నా ముందు ఆలోచించు. ఆ వస్తువు ఇద్దరినీ జైలుకు పంపగలదు. ఆ భయం కానుక తీసుకునే చేతిలో కూడా ఉండాలి.

వైల్డ్ జైలుకు వెళ్ళి మూడేళ్ళు కూడా తిరగకుండా, దేశమంతా భయపడి నోరు మూసుకుని ఉండగా మెరిల్‌ను ఇంటికి తెచ్చుకున్నాడు కార్పెంటర్. స్నేహితులు వద్దన్నారు. లోకానికి మాత్రం మెరిల్ వంట చేసేవాడు, ఇల్లు చక్కబెట్టేవాడు. ఒక దొర ఇంట్లో ఒక పనివాడు ఉండటం ఎవరికీ వింత కాదు కదా. ఆ ముసుగే ఇద్దరినీ కాపాడింది. 1909లో ఆ చుట్టుపక్కలవాడే ఒకడు వాళ్ళ మీద కరపత్రం అచ్చు వేసి ఊళ్ళో పంచినా నిలదొక్కుకున్నారు. కానీ ఆ ముసుగు మెరిల్ మొహం మీద అలాగే ఉండిపోయింది. వచ్చిన అతిథులు కార్పెంటర్ మాటలు రాసుకుని వెళ్ళారు. టీ తెచ్చి ఇచ్చినవాడి మాటలు చాలామంది రాసుకోలేదు.

ఈ ముసుగు సంగతి నాకు చరిత్ర పుస్తకాల వల్ల తెలియలేదు. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు కనుక నేను చెబుతాను.

రాజమండ్రిలో మా బాబాయి ఉండేవారు. నీకు చిన్న తాతయ్య. కాలేజీలో తెలుగు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన ఇంట్లోనే ఒక కంపోజిటర్ ఉండేవారు. ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చేవారు. చదువు అయిదో తరగతితో ఆగింది, కానీ తిరగేసి ఉన్న సీసపు అక్షరాలను మనం పేపరు చదివినంత వేగంగా చదివేవారు. మన ఇంట్లో అందరూ ఆయనను ప్రెస్సబ్బాయి అనేవారు, జుట్టు పూర్తిగా నెరిసిన తరువాత కూడా. బంధువులు వస్తే ఎవరూ చెప్పకుండానే తన పరుపు వరండాలోకి మార్చుకునేవారు. నలుగురి ముందూ బాబాయిని మీరు అనేవారు. ఒక వేసవి రాత్రి నేను మంచినీళ్ళకు లేచినప్పుడు, "మందు వేసుకోకుండా పడుకున్నావా? లే" అని ఆయన బాబాయిని కసరడం విన్నాను. బాబాయి చిన్నపిల్లవాడిలా లేచి వేసుకున్నారు.

బాబాయి వ్యాసాలన్నీ ఆయనే కంపోజు చేసేవారు. గ్యాలీ ప్రూఫులు ఇంటికి వచ్చేవి. బాబాయి ఎర్ర సిరాతో దిద్దితే, ఆయన పక్కనే పెన్సిలుతో జవాబు రాసేవారు. దిద్దుబాట్ల మధ్యలో వేరే సంగతులు ఉండేవి. ఈ అరసున్న ఇప్పుడు అవసరమా అని ఒక చోట ఉంటే, దాని కిందనే సాయంత్రం త్వరగా రా, పులస దొరికింది అని ఉండేది. జ్వరం, అద్దె, అలక, అన్నీ ఆ మార్జిన్లలోనే. నాకు అప్పుడు నవ్వు వచ్చేది. పెద్దయ్యాక అర్థమైంది, ఆ ఇద్దరూ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు అవి తప్ప వేరే లేవు.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి సంవత్సరం బాబాయి పోయారు. కర్మకాండ జరిగిన రోజులలో కట్టెలు తెచ్చింది, నీళ్ళు తోడింది, బ్రాహ్మలను పిలుచుకు వచ్చింది ఆయనే. భోజనాలు లోపల, ఆయన విస్తరి వాకిట్లో. పెద్దకర్మ అయిన మరునాడు మీ తాతయ్య ఇంటి తాళాలు అడిగారు. ఆయన తాళాలు, పాలవాడి లెక్క, కరెంటు బిల్లు తెచ్చి అరుగు మీద పెట్టారు. తనకంటూ ఒక్కటే అడిగారు, చెక్కపెట్టెలో ఉన్న ఆ ప్రూఫుల కట్ట. "ఇంటి కాగితాలు బయటివాళ్ళకు ఎలా ఇస్తాం?" అన్నారు మీ తాతయ్య. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. తరువాతి వారం ఇల్లు అద్దెకు ఇవ్వడానికి సర్దుతున్నప్పుడు అవే కాగితాలు పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్ళాయి. నేను గడపలోనే ఉన్నాను. ఎర్ర సిరా కనబడుతూనే ఉంది.

మీ తాతయ్య చెడ్డవారు కారు. తమ్ముడంటే ప్రాణం. ప్రెస్సబ్బాయికి ఒక నెల జీతం లాంటిది ఇచ్చి పంపాలని కూడా అనుకున్నారు. పనివాడు అనుకున్నప్పుడు అంతకు మించి ఏం తోస్తుంది? అందుకే ఈ సంగతి నన్ను ఇన్నేళ్ళుగా వదలలేదు. కొన్నాళ్ళకు నేను ఆ ప్రెస్సుకు వెళ్ళి అడిగితే, మానేసి ఏదో ఊరు వెళ్ళాడన్నారు. ఊరి పేరు ఎవరికీ తెలియదు.

కాబట్టి నువ్వు ఒక్క పని చెయ్యి. మిగిలినవన్నీ తరువాత. కార్పెంటర్ కాగితాలు షెఫీల్డ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మెరిల్ రాసిన ఉత్తరాలు కూడా వాటిలో ఉన్నాయి. ఎవరూ తూకానికి అమ్మలేదు. సెలవు పెట్టి వెళ్ళి చదువు. అచ్చులో వచ్చిన ఉటంకింపులతో సరిపెట్టుకోకు. చేతిరాత చూడు, తప్పులు చూడు, ఎక్కడ కలం ఆగిందో చూడు. మెరిల్ జీవితం గురించి కార్పెంటర్ రాసి, అచ్చు వేయకుండా ఉంచుకున్న వ్యాసం కూడా అక్కడే ఉంది. దాన్ని ప్రేమగా చదువు, అనుమానంగానూ చదువు. ఎంత ప్రేమించినా అది ఇంటి యజమాని కలం. మెరిల్ ఎలా నవ్వేవాడో అది చెబుతుంది. ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగిస్తూ అతడు ఏం అనుకునేవాడో నువ్వే కనిపెట్టాలి. డబ్బు ఎవరి జేబులో ఉండేది, గొడవ పడితే ఎవరు ఎక్కడికి వెళ్ళగలరు, అతిథులు వచ్చినప్పుడు ఎవరు నిలబడేవారు? ప్రేమ సన్నివేశాలు వీటి తరువాత రాసుకో. అవి బాగా వస్తాయి.

మెరిల్ మాట గురించి ఒక హెచ్చరిక. అతడిది షెఫీల్డ్ యాస కదా అని మన జిల్లాల యాస ఏదో ఒకటి తెచ్చి అతని నోట పెట్టకు. ఆ యాస మాట్లాడేవాళ్ళందరినీ వంటింట్లో కూర్చోబెట్టినట్టు అవుతుంది. అతడికి మామూలు తెలుగే ఇవ్వు, వాక్యం మాత్రం పొట్టిగా, సూటిగా ఉండనివ్వు. అతడి చురుకు తెలియాలంటే గెత్సేమనే తోట కథ ఉంది. ఏసు తన ఆఖరి రాత్రి అక్కడ గడిపాడని ఎవరో చెబితే, "ఎవరితో?" అని అడిగాడట. ఇలా అడగగలిగినవాడు ఎవరి నీడలోనూ బతకడు. అలాగే ఇంగ్లీషులో దాగిపోయే ఒక సంగతి తెలుగులో దాగదు. మెరిల్ కార్పెంటర్‌ను మీరు అని పిలుస్తాడా, నువ్వు అంటాడా, ఏ రోజున మారుతుంది, వేరేవాళ్ళు వింటున్నప్పుడు ఏమంటాడు? నవలలో ఇంకా ముందుకు వెళ్ళకముందే తేల్చుకో. మన పాఠకులు పేజీ తిప్పకుండా అక్కడే ఆగి చూస్తారు.

చివర్లో ఒకరిని చంపేయాలని అనుకుంటున్నావట. మీ అమ్మ అంది. ఎందుకు? ఏడిపిస్తే తప్ప మనవాళ్ళు ఒప్పుకోరనా? ఆ ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేశారు. 1913లో వాళ్ళింటికి వెళ్ళిన ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ ఆ ఇల్లు చూసి వచ్చి, ఒక పెద్దింటి అబ్బాయి, అడవి కాపలాదారు కలిసి బతికే నవల రాశాడు. సుఖాంతం ఉండి తీరాలని పట్టుబట్టి రాశాడు. బతికుండగా అచ్చు వేయలేదు. ఆయన పోయిన తరువాత 1971లో వచ్చింది. చావు చూపించాలంటే నిజంగా జరిగిన చావులే చూపించు. వాళ్ళు 1922లో గిల్డ్‌ఫర్డ్‌కు మారారు. పెద్దవాడు ముందు పోతాడని అందరూ అనుకుని ఉంటారు. చిన్నవాడైన మెరిల్ 1928 జనవరిలో పోయాడు. కొన్ని నెలలకే కార్పెంటర్‌కు పక్షవాతం వచ్చింది, 1929 జూన్‌లో పోయాడు. ఇద్దరినీ ఒకే సమాధిలో ఉంచారు. వాకిట్లో విస్తరి వేయలేదు నాయనా, ఒకే సమాధి. దీన్ని మార్చి రాస్తే నేను ఊరుకోను.

ఇంకొకటి. నువ్వు ఈ కథనే ఎందుకు ఎంచుకున్నావో నేను అడగడం లేదు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. తెల్లవాళ్ళు 1860లో మన నెత్తిన పెట్టిపోయిన 377వ సెక్షనును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న పాక్షికంగా కొట్టేసి, పెద్దవాళ్ళ ఇష్టపూర్వక ప్రేమ నేరం కాదన్నప్పుడు నేను టీవీ ముందు కూర్చుని బాబాయి కోసం ఏడ్చాను. ఆ ఇంటి నుంచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయిన ఆయన కోసం ఇంకా ఎక్కువ ఏడ్చాను. నీ జీవితంలో ఎవరున్నా, ఏ ఊరివాళ్ళయినా, ఏ పని చేసేవాళ్ళయినా, ఈ ఇంట్లో నా పక్కన కూర్చుని భోజనం చేస్తారు. మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్యి. ఆమెకు ఉన్నది కోపం కాదు, ఊళ్ళోవాళ్ళ మీద భయం. దానికి మందు నా దగ్గర ఉంది.

మొదటి అధ్యాయాలు పూర్తి కాగానే పెద్ద అక్షరాలతో అచ్చు తీసి పోస్టులో పంపు. ఫోనులో చదవలేను. మార్జిన్లు వెడల్పుగా వదులు. మెరిల్ బాగా పాడేవాడని చదివాను. ఏ పాటలు పాడేవాడో ఆ కాగితాలలో కనబడితే వెంటనే నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య