ఆయిల్ తాగుతున్న ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 పోయాలా? (సమాధానం)

అన్నా, రాయగడలో మీ పెట్రోల్ కారు లక్ష కిలోమీటర్లు దాటాక 2,000 కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతోందని, మెకానిక్ బాగా చిక్కగా ఉండే 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయమన్నాడని రాశారు. ఇప్పుడే పోయకండి. చిక్కటి ఆయిల్‌తో పొగ కొన్నాళ్లు తగ్గినట్టు ఉంటుంది గానీ కారణం అలాగే ఉండిపోతుంది.

ముందు పొగ ఎప్పుడొస్తుందో చూడండి. కోరాపుట్ వైపు ఘాట్ దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తాం కదా, అప్పుడు ఇన్‌టేక్‌లో వాక్యూమ్ బాగా పెరిగి, అరిగిన వాల్వ్ సీళ్ల (వాల్వ్ కాడ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు ముక్కల) గుండా ఆయిల్‌ను లాగేస్తుంది. కింద మళ్లీ తొక్కగానే గుప్పున నీలం పొగ వస్తే అనుమానం సీళ్ల మీదే. ఎక్కేటప్పుడు ఆగకుండా వస్తుంటే అనుమానం పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద. పీసీవీ వాల్వ్ (ఇంజన్ అడుగు భాగంలో చేరే గ్యాస్‌ను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) కూడా చూపించండి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

రింగులైతే ఆయిల్ ఎంపిక నిజంగా ముఖ్యం. వేడికి ఆయిల్‌లోని తేలిక భాగం ఆవిరైపోతుంది. మిగిలింది మాడి, ఆయిల్ రింగు రంధ్రాల్లో కార్బన్‌గా గట్టిపడుతుంది. అవి మూసుకుపోతే సిలిండర్ గోడ మీది ఆయిల్ కిందకి దిగదు, అక్కడే మండి ఇంకా కార్బన్ పేరుస్తుంది. ఎంత ఆవిరవుతుందో నోయాక్ పరీక్షలో 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి కొలుస్తారు. ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణాల్లోని ఏ3/బీ4 రకానికి అది 13 శాతం మించకూడదు.

మీ మాన్యువల్ ఒప్పుకుంటే ఆ రకం సింథటిక్ 5డబ్ల్యూ-40 పోయించి, 5,000 కిలోమీటర్లకే మార్చండి. రాయగడలో దొరక్కపోతే పార్వతీపురం నుంచి తెప్పించుకోండి. రెండుసార్లు ఆయిల్ మార్చాక కూడా తగ్గకపోతే, సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో, ఎక్కడ లీకవుతోందో చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయించండి. అప్పటిదాకా ప్రతి 500 కిలోమీటర్లకు, ఇంజన్ చల్లారాక, చదును నేల మీద డిప్‌స్టిక్ చూడండి. కింది గీత దాటి మాత్రం దిగనివ్వకండి.