అడ్వాన్సు ఇచ్చే ముందు ఇన్సూరెన్సు ధర చూడు

తమ్ముడూ, ఇంగ్లండులోని లెస్టర్‌లో కారు బేరం కుదిరిందనీ, డ్రైవింగు నేర్చుకుంటున్నవాడికి చవక ఇన్సూరెన్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పమనీ అడిగావు. బేరం కుదిరాక అడగాల్సిన ప్రశ్న కాదిది. అడ్వాన్సు ఇవ్వకపోయి ఉంటే అక్కడే ఆగు.

నేనూ ముందు కారే కొన్నాను. పార్ట్‌టైమ్ జీతంలో మిగిల్చుకున్న 900 పౌండ్లు పోసి రెండు లీటర్ల డీజిల్ కారు తెచ్చి, ఫొటో తీసి ఇంటికి పంపాను. తర్వాత తీరిగ్గా ధరలు పోల్చే వెబ్‌సైటులో వివరాలు నింపితే, అన్నిటికన్నా తక్కువ ప్రీమియం 2,400 పౌండ్లు! చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, ఇంచుమించు ఆ లెక్కే. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే అన్నం సయించలేదు. ఇక్కడి పౌరసత్వం వచ్చినా రూపాయల్లోకి మార్చి చూసే జబ్బు నాకింకా పోలేదు.

మా ఇంట్లో ఉండే సీనియర్ ఒకాయన అభయమిచ్చాడు. పాలసీ ఆయన పేరు మీద తీసుకుని, నన్ను అదనపు డ్రైవరుగా చేర్చాం. ప్రీమియం మూడో వంతుకు పడిపోయింది. నాకన్నా తెలివైనవాడు ఇంగ్లండులో లేడనుకున్నాను. అసలు నడిపేది ఒకరైతే పాలసీ ఇంకొకరి పేరు మీద తీసుకోవడాన్ని ఇక్కడ ఫ్రంటింగ్ అంటారు, మోసం కింద లెక్క. సూపర్‌మార్కెట్ పార్కింగులో రివర్సు చేస్తూ పక్క కారు తలుపు సొట్టపోయేలా గుద్దాక గానీ నాకా సంగతి తెలియలేదు. కంపెనీ నుంచి ఒకావిడ ఫోను చేసి, ఎంతో మర్యాదగా, రోజూ ఉదయం ఆ కారు ఎక్కడికి వెళ్తుంది, డీజిల్ డబ్బులు ఎవరి కార్డు నుంచి పోతాయి అని ఆయన్నే అడిగింది. పాపం, అబద్ధం ఆడటం రాని మనిషి. పాలసీ రద్దయింది, ఆ తలుపు ఖర్చు మా నెత్తినే పడింది. అంతటితో పోలేదు. ఇక్కడ ప్రతి దరఖాస్తులోనూ మీ పాలసీని ఎవరైనా రద్దు చేశారా అని అడుగుతారు. దానివల్ల ఆయన ప్రీమియం పెరిగితే, ఆ తేడా డబ్బులు ఏళ్ల తరబడి నేనే ఇచ్చుకున్నాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే అదే కథ ఎత్తుకుంటాడు.

కాబట్టి అసలు డ్రైవరువి నువ్వైతే పాలసీ నీ పేరు మీదే ఉండాలి. అనుభవం ఉన్నవాళ్లెవరైనా నిజంగానే అప్పుడప్పుడు నీ కారు నడిపేటట్లయితే అదనపు డ్రైవరుగా చేర్చు. అందులో తప్పు లేదు, ధర కూడా కాస్త తగ్గవచ్చు.

అయినా ఎల్ ప్లేటు తగిలించుకుని నేర్చుకునేవాడికి సొంత కారు ఎందుకయ్యా? స్నేహితుడి కారుకే కొన్ని గంటలకో, రోజులకో, వారాలకో లర్నర్ ఇన్సూరెన్సు విడిగా దొరుకుతుంది. ఏదైనా తగిలినా సాధారణంగా అతని నో క్లెయిమ్స్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోదు. పక్కన కూర్చునేవారికి 21 ఏళ్లు నిండి, పూర్తి లైసెన్సు వచ్చి మూడేళ్లయి ఉండాలి. ఇండియా లైసెన్సు ఉన్న రూమ్మేటు ఆ లెక్కలోకి రాడు. మరో సంగతి, టెస్టు పాసైన క్షణంలోనే ఆ లర్నర్ పాలసీ సాధారణంగా చెల్లకుండా పోతుంది. ఆ ఆనందంలో కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్లావో, ఇన్సూరెన్సు లేకుండా నడిపినట్టే. దానికి 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద శిక్షగా 6 పాయింట్లు. పాసైన రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దు. మిగతా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకో.

పాసయ్యాక కొనుక్కో, అదీ లీటరు ఇంజను చిన్న కారు. ఇన్సూరెన్సు కోసం ఒక్కో కారు మోడలుకు రిస్కును బట్టి అంకెలు వేస్తారు, అంకె చిన్నదైతే నీకు మంచిది. థర్డ్ పార్టీ చవక అని మన దేశం లెక్కలు వేయకు, ఇక్కడ చాలాసార్లు నీ కారు నష్టాన్ని కూడా భరించే కాంప్రహెన్సివే తక్కువకు వస్తుంది. పాలసీ మొదలయ్యే రోజుకు మూడు వారాల ముందే కొంటే, చివరి రోజు కొన్నదానికన్నా బాగా తగ్గుతుంది. నువ్వెలా నడుపుతున్నావో కనిపెట్టే బ్లాక్ బాక్స్ పెట్టించుకుంటే కుర్రాళ్లకు ఇంకా తగ్గవచ్చు, కానీ గోడౌనులో రాత్రి షిఫ్టులు చేస్తున్నట్లయితే అర్ధరాత్రి ప్రయాణాలకు ఏమంటారో ముందే అడుగు. ఫుడ్ డెలివరీకి మామూలు పాలసీ పనికిరాదు. నువ్వు విద్యార్థి వీసా మీద ఉంటే స్వయం ఉపాధి కింద చేసే డెలివరీ పనే నిషిద్ధం.

నెలనెలా కడతానంటే మాత్రం అది అప్పే, సాధారణంగా వడ్డీ పడుతుంది. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టగలిగే దాకా బస్సెక్కు. ఇప్పుడు బేరమాడిన కారు నంబరు ఇవాళే సైటులో కొట్టి చూడు, కొనకపోయినా ధర చెబుతుంది. ఎంత చూపించిందో నాకు రాయి.