కౌలు రైతుల ఇష్టాలు వేరని చెప్పడానికి ఇంటరాక్షన్ టర్మ్ ఒక్కటే చాలా?

నాకు అర్థమైనంతవరకు మీ సమస్య ఇది. వరి విత్తనాల మీద చాయిస్ ఎక్స్‌పెరిమెంట్ (కార్డు మీద కొన్ని విత్తనాలు చూపించి ఒకటి ఎంచుకోమనడం) చేశారు. సొంత రైతులకి, కౌలు రైతులకి విడివిడిగా లాజిట్ (ఎంపికల నుంచి ఒక్కో లక్షణానికి ఉన్న బరువు లెక్కగట్టే మోడల్) నడిపితే కౌలు రైతుల ధర కోఎఫిషియెంట్, అంటే ధరకి వచ్చిన ఆ బరువు, రెట్టింపు వచ్చింది. అందరినీ కలిపి ‘కౌలు’ డమ్మీ (కౌలు రైతైతే 1, కాకపోతే 0) పెడితే సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేసింది.

డమ్మీ సంగతి తేలికే. కౌలు రైతు కార్డులో ఏ విత్తనం ఎంచుకున్నా కౌలు రైతే కదండీ. అన్ని ఆప్షన్లకీ ఒకేలా ఉన్నది లెక్కలో కొట్టుకుపోతుంది. అందుకే దాన్ని ధర, దిగుబడి, పంటకాలంతో గుణించి పెట్టాలి, ఇంటరాక్షన్ టర్మ్ అంటే ఇదే. ‘ఏదీ వద్దు’ ఆప్షన్ కాన్‌స్టెంట్‌తో (ఆ ఆప్షన్‌కి విడిగా ఉండే స్థిర అంకెతో) కూడా గుణించండి, చాలామంది దీన్నే వదిలేస్తారు.

అయితే అన్నిటితో ఇంటరాక్షన్ పెట్టాక వచ్చేవి మీ రెండు విడి మోడళ్ళ అంకెలే. అదనంగా దొరికేది తేడాకి స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ అంకె ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత. (ఇది చిన్న లాభమేం కాదు. ఒక గుంపులో నక్షత్రం (ఫలితం యాదృచ్ఛికం కాకపోవచ్చన్న గుర్తు) వచ్చింది, ఇంకో గుంపులో రాలేదు కాబట్టి ఇష్టాలు వేరని తేల్చేసే పేపర్లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి.) అసలు చిక్కు స్కేల్ దగ్గర, అంటే జవాబులు ఎంత నిలకడగా ఉన్నాయన్న దాని దగ్గర ఉంది.

లాజిట్ ఇచ్చే ప్రతి కోఎఫిషియెంట్‌లోనూ ఇష్టం, స్కేల్ గుణించుకుని ఉంటాయి. జవాబుల్లో గందరగోళం ఎక్కువైతే స్కేల్ తగ్గి, అంకెలన్నీ ఒకే పాళ్లలో కుంచించుకుపోతాయి. నేను పనిచేసిన ఒక సర్వేలో ఒక గుంపుని ఇంటి అరుగు మీద తీరిగ్గా అడిగాం. ఇంకో గుంపు మార్కెట్ యార్డులో, కాటా కోసం ఎదురుచూస్తూ దొరికింది. యార్డు వాళ్ళ అంకెలన్నీ చిన్నవి. వాళ్ళకి దేనిమీదా పట్టింపు లేదని కాదు, కార్డు సరిగా చూసే తీరిక లేదు.

ఊహించిన అంకెలతో చూద్దాం. సొంత రైతులకి బస్తా ధర (100 రూపాయలకి) -0.4, దిగుబడి (క్వింటాకి) 0.6, పంటకాలం పది రోజులు తగ్గితే 0.5. కౌలు రైతులకి అవే -0.8, 1.2, 0.4. పైకి ధర, దిగుబడిలో పెద్ద తేడా, పంటకాలంలో దాదాపు లేదు. ఇప్పుడు ధరతో భాగించండి, పైనా కిందా ఉన్న స్కేల్ కొట్టుకుపోతుంది. క్వింటా దిగుబడికి ఇద్దరూ ఇచ్చేది 150 రూపాయలే. పది రోజుల ముందు కోతకి మాత్రం సొంత రైతు 125 ఇస్తాడు, కౌలు రైతు 50. ఇంటరాక్షన్ అతి చిన్నగా కనిపించిన చోటే రూపాయల్లో తేడా ఉంది! సార్వాకి మాత్రమే కౌలు చేసేవాళ్ళు మీ శాంపిల్‌లో ఎక్కువుంటే ఇది అర్థమయ్యేదే: పొలం ముందుగా ఖాళీ అయితే దాళ్వాకి లాభపడేది యజమాని.

కాబట్టి గుంపుల్ని ఇలా ధరతో భాగించిన నిష్పత్తులతో పోల్చండి, తేడాకి డెల్టా పద్ధతిలో (నిష్పత్తుల్లాంటివాటికి ఉజ్జాయింపుగా లెక్కగట్టే పద్ధతి) స్టాండర్డ్ ఎర్రర్ తీయండి. దానికి ముందు స్వెయిట్, లూవియెర్ అనే పరిశోధకులు 1993లో చెప్పిన పరీక్ష చేయండి: ఇష్టాలు ఒకటేనని పట్టి, ఒక గుంపు స్కేల్‌ని మాత్రం వేరుగా ఉండనిచ్చి కలిపి నడపడం. అది విడి మోడళ్ళంత బాగా సరిపోతే, ఇష్టాలు వేరనడానికి మీ డేటాలో ఆధారం లేనట్టే. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అపోలో ప్యాకేజీతో ఇది చేయొచ్చు.

అన్ని అంకెలూ ఒకే పాళ్లలో పెరిగితే అది స్కేలా, నిజంగానే అన్నిటిమీదా గట్టి పట్టింపా అన్నది ఈ డేటా విడదీయలేదు. ఎవరైనా విడదీశామంటే నేను నమ్మను.

సన్నం, దొడ్డు, మధ్యరకం లాంటి రకాలు కూడా పెట్టారా? అక్కడ రిఫరెన్స్ లెవెల్ (మిగతావాటిని పోల్చి చూసే రకం) మారిస్తే ఇంటరాక్షన్ గుర్తే తిరగబడొచ్చు. 2020లో లీపర్, హోబోల్ట్, టిల్లీ అనే పరిశోధకులు కన్‌జాయింట్ సర్వేల్లో (ఇలాంటి ఎంపిక సర్వేలే) ఇదే చూపించి, మార్జినల్ మీన్స్ (ఒక్కో రకానికి విడిగా వచ్చే సగటు) వాడమన్నారు.

స్టాండర్డ్ ఎర్రర్లు రైతు వారీగా క్లస్టర్ చేశారో (ఒకే రైతు జవాబుల్ని ఒక గుంపుగా లెక్కించారో) లేదో మీరు రాయలేదు. ఒకే మనిషి కొన్ని కార్డులకి జవాబిచ్చాడు కాబట్టి అది తప్పదు. కోవేరియన్స్ మ్యాట్రిక్స్ (కోఎఫిషియెంట్లు ఎలా కలిసి మారతాయో చూపే పట్టిక) ఉంటే ఇక్కడ పెట్టండి, పంటకాలం నిష్పత్తి తేడా నిలబడుతుందో లేదో చూద్దాం.