పాత కారు, కొత్త స్టీరియో: బ్యాటరీ ఎందుకు దిగిపోతున్నది?

"అన్నా, మాది దేవరకొండ. ఎమ్మెస్ చదువుదామని ఒహాయో వచ్చి ఎనిమిది నెలలైంది. సీనియర్ దగ్గర 2006 కరోలా కొన్న. పాత రేడియోల బ్లూటూత్ లేదని టచ్ స్క్రీన్ స్టీరియో తెప్పించి, వీడియో చూసుకుంట నేనే బిగించిన. పాటలు మంచిగనే వస్తున్నయి. కానీ రెండు రోజులు బండి తియ్యకపోతే మూడో రోజు స్టార్ట్ అయితలేదు. మెకానిక్ బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ మార్చాలంటున్నడు. ఏం చెయ్యాలె?"

తమ్ముడూ, ఆల్టర్నేటర్ మీద, అంటే ఇంజన్ నడుస్తుండంగ బ్యాటరీని ఛార్జ్ చేసేదాని మీద, ఇప్పుడే పైసలు పెట్టకు. స్టీరియో పెట్టకముందు మంచిగున్న బండి, పెట్టినంక సతాయిస్తున్నదంటే ముందు చూడాల్సింది నీ చెయ్యి పడ్డ జాగనే.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, ఇదే దెబ్బ నేనూ తిన్న. మాది హాలియా దగ్గర పల్లె. వచ్చిన కొత్తల 1999 అకార్డ్ కొన్న. చలికాలంల బ్యాటరీ టర్మినల్‌కు తెల్లటి పొడి పట్టిందని విప్పి తుడిచి మళ్ల బిగించిన. అంతే, రేడియో కోడ్ అడుగుడు మొదలుపెట్టింది. అప్పటి హోండాలల్ల దొంగతనం కాకుండ ఆ కట్టుబాటు ఉండేది. కోడ్ కార్డు అమ్మినాయన దగ్గర లేదు. సరే పోనీ అని కొత్త సెట్టు కొని, కారు తీగలు కోసి, రంగుకు రంగు కలిపి నల్లటేపు చుట్టిన. వారం తిరక్కముందే బ్యాటరీ దిగుడు షురూ. ఒక షాపుల బ్యాటరీ మార్చిండ్రు, తర్వాత ఆల్టర్నేటర్ మార్చిండ్రు. రెండు నెలల కిరాయి పైసలు పోయినయి, రోగం మాత్రం పోలేదు. పొద్దుగాల ఇంటర్వ్యూ ఉంటే మంచుల నిలబడి పక్కింటాయన్ని జంప్ కేబుల్స్ (ఎదుటి బండి బ్యాటరీతో మన బండి స్టార్ట్ చేసుకునే తీగలు) అడుక్కున్న రోజు ఇంకా యాదికున్నది.

మా రూమ్మేటుది జడ్చర్ల. వాళ్ల నాయన మోటర్ వైండింగ్ చేసేటాయన. చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి, సెట్టు బయటకు గుంజి, తాళం చేతిల పట్టుకొని ఒక్కొక్క తీగకు ఆనిచ్చిండు. తాళం తీసేసినంక కూడా సెట్టు ఎర్రతీగ దగ్గర బల్బు ధగధగ వెలుగుతున్నది. "గిదే రా నీ దొంగ" అన్నడు.

అసలు సంగతి ఇది. స్టీరియోకు కరెంటు రెండు దారులల్ల వస్తది. కొత్త సెట్ల మీద పసుపుతీగ ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది; గడియారం, స్టేషన్లు గుర్తుంచుకునేది దానితోనే. ఎర్రతీగకు తాళం తిప్పితేనే కరెంటు రావాలె. ఎర్రది కూడా ఎప్పుడూ ఉండే కరెంటుకు కలిసిందా, సెట్టుకు పండుకునే తెలివే ఉండది. మనకాడ బాయి మోటర్‌కు ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే ఎవరున్నా లేకున్నా కరెంటొచ్చినప్పుడల్లా నీళ్లు పోస్తనే ఉండేది కదా. 2018ల తెలంగాణల వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆ స్టార్టర్లు తీసెయ్యమని సర్కారు చెప్పింది అందుకే. నీ కారుల ఇప్పుడు అదే నడుస్తున్నట్టున్నది.

లెక్క చూడు. నీ బ్యాటరీ 50 ఆంపియర్ గంటలది అనుకో. బండి ఆపినంక అర ఆంపియర్ గుంజుతున్నదనుకుంటే, రెండు రోజులల్ల సగం ఖాళీ. చలిల సగం బ్యాటరీతో ఇంజన్ తిరుగుడు కష్టం. ఫారన్‌హీట్ సున్నా దగ్గర బ్యాటరీ బలం సగం కంటే ఎక్కువే పడిపోతది. అదే 50 మిల్లీ ఆంపియర్లు, అంటే మామూలుగ ఒప్పుకునే హద్దుల ఉంటే, అంత ఖాళీ కావాలంటే దగ్గరదగ్గర మూడు వారాలు పడుతది. అందుకే నీ నోట "రెండు రోజులు" అన్న మాట వినంగనే అనుమానం సెట్టు మీదికి పోయింది.

ఇరవై డాలర్లల డిజిటల్ మీటరు దొరుకుతది, ఒకటి కొనుక్కో. మొదట బండి రాత్రంతా ఆగినంక బ్యాటరీ మీద ఓల్టేజీ చూడు. 12.6 దగ్గర ఉంటే నిండుగున్నట్టు, 12 ఉంటే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుండంగ 13.7 నుంచి 14.7 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ పని చేస్తున్నది, దాన్ని వదిలెయ్. మీటరు ఇంకా రాకపోతే బండిని ఆటోజోన్ అసొంటి పార్టుల షాపుకు తోలుకపో, బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ ఊకెనే చూసిపెడ్తరు.

ఇప్పుడు దొంగను పట్టుడు. లైట్లు, సెట్టు అన్నీ బంద్ చేసి, తాళం తీసి దూరంగ పెట్టు. 10 నంబర్ స్పానర్‌తోని బ్యాటరీ మైనస్ తీగ విప్పు. మీటరును 10 ఆంపియర్ల సాకెట్ల పెట్టి, విప్పిన తీగకూ బ్యాటరీ మైనస్‌కూ నడుమ కట్టు. అరగంట ఓపిక పట్టు, బండిల ఉండే కంప్యూటర్లు మెల్లగ నిద్రపోతయి. నడుమల తలుపు తెరిచినవా, మళ్ల మొదటికొస్తది. ఒక్కటి గట్టిగ గుర్తుంచుకో: మీటరు అట్ల కట్టి ఉండంగ తాళం తిప్పకు, స్టార్ట్ కొట్టకు, మీటరు ఫ్యూజు కొట్టేస్తది. అరగంటైనంక 0.05 (అంటే 50 మిల్లీ ఆంపియర్లు) కంటే ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటి పీకి చూడు. ఏది పీకితే అంకె ధన్‌మని పడిపోతదో, ఆ దారిలనే ఉన్నడు దొంగ. రేడియో ఫ్యూజు పీకితే పడిపోయిందంటే సెట్టు బయటకు తియ్యాలె.

సెట్టు తీసేటప్పుడు మైనస్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగినంకనే డ్యాష్‌బోర్డు ముట్టు. పసుపురంగు ప్లగ్గులు కనపడితే అవి ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి పోకు. కారు వైపు తీగలు కొయ్యొద్దు, ఇదొక్కటి బతిమాలి చెప్తున్న. కారు తీగల రంగులు, సెట్టు తీగల రంగులు ఒక్కతీరు ఉండయి. రంగుకు రంగు కలిపే నేను మునిగిన. నీ మోడల్‌కు సరిపోయే హార్నెస్ అడాప్టర్ పది, ఇరవై డాలర్లకు దొరుకుతది. దాని మీద తీగలను సెట్టు తీగలతో టేబుల్ మీద కూసొని కలుపు, తర్వాత కారు ప్లగ్గుల టక్‌మని పెట్టు. జాయింటుకు క్రింపు గాని, సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే గొట్టం గాని. ఉత్త టేపు ఎండకు జిగురు కారిపోతది, కొన్నాళ్లకు తీగ బయటపడ్తది.

తీగలు కలిపే ముందు అడాప్టర్‌ను కారు ప్లగ్గుల పెట్టి, బ్యాటరీ మైనస్ మళ్ల తగిలించి, మీటరును ఓల్టులకు మార్చి చూడు: సెట్టు ఎర్రతీగకు కలవాల్సిన తీగల తాళం తీస్తే సున్నా, తిప్పితే 12 రావాలె. ఎర్రది, పసుపుది తారుమారైతే తాళం తీసినప్పుడల్లా సెట్టు అన్నీ మర్చిపోతది, అదొక గుర్తు. తీగలు సరిగనే ఉండి కూడా కరెంటు పోతుంటే సెట్టు సెట్టింగులల్ల స్లీప్ మోడ్ చూడు. చవక ఆండ్రాయిడ్ సెట్లు కొన్ని తొందరగ ఆన్ కావాలని తాళం తీసినంక కూడా మెలకువతోనే ఉంటయి.

నల్లతీగ ఎర్త్. చాలామంది దీన్ని పట్టించుకోరు, పాతబండ్లల్ల సగం తిప్పలు దీనితోనే. ఎండకాలం బాయికాడ మోటరు సరిగ నడవకపోతే మా నాయన ఎర్త్ గుంతల బిందెడు నీళ్లు పోసేటోడు. కారుల ఆ గుంత బండి ఇనుప బాడీయే. రంగు, తుప్పు మీద బోల్టు బిగిస్తే ఎర్త్ పట్టది. పాట ఎక్కువ సౌండుల పెట్టి, మీటరు నల్లకొస బ్యాటరీ మైనస్‌కు, ఎర్రకొస సెట్టు నల్లతీగకు ఆనించు. 0.2 ఓల్టుల కంటే ఎక్కువ చూపిస్తే బోల్టు కింద గీకి లోహం తెల్లగ కనపడినంక బిగించు. ఇంజన్ వేగంతోపాటు స్పీకర్లల్ల "కుయ్య్" అని మోగుడు కూడా చాలాసార్లు ఎర్త్ తోనే.

స్పీకర్ల మైనస్ తీగలను మాత్రం ఎర్త్‌కు కలపకు, సెట్టు లోపలి ఆంప్లిఫయర్ కాలిపోతది. ఏ తీగ ఏ స్పీకర్‌దో తెలవకపోతే సెట్టు నుంచి విడిపించి, గడియారం బ్యాటరీ కొసలు ఆ జోడీకి ఒక్క క్షణం ఆనించు. "టక్" అన్నది ఏ తలుపుల వినపడ్డదో అదే.

ఫ్యూజు కొట్టేస్తే అదే అంకెది పెట్టు. ఎర్రది 10, నీలంది 15, పసుపుది 20 ఆంపియర్లు. మళ్లమళ్ల కొట్టేస్తున్నదని పెద్దది పెట్టకు. మా ఊర్ల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజుకు మందపు రాగితీగ చుట్టేది. రెండు రోజులు మోటర్లన్నీ మంచిగ నడిచేవి, తర్వాత ట్రాన్స్‌ఫార్మరే కాలేది, పొట్టకొచ్చిన వరి ఎండేది. కారుల కాలేది డ్యాష్‌బోర్డు కింద తీగల కట్ట, నువ్వు నడుపుతుండంగనే.

అప్పటిదాక బండి మొరాయిస్తే జంప్ కేబుల్స్ వరుస: ఎర్రది నీ ప్లస్‌కు, తర్వాత ఎదుటి బండి ప్లస్‌కు; నల్లది ఎదుటి బండి మైనస్‌కు, ఆఖరి కొస నీ ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు. బ్యాటరీ మైనస్‌కే పెడితే నిప్పురవ్వ బ్యాటరీ గ్యాసు దగ్గర లేస్తది.

ఇది రాసిపెట్టిన నాలుగో రోజు ఆ తమ్ముడు ఫోన్ చేసిండు. ముందు మీటరు మీద 0.6 చూపించిందట. హార్నెస్ తెప్పించి ఎర్రతీగ మార్చినంక 0.02 కాడ నిలబడ్డదట. శుక్రవారం ఆపిన బండి సోమవారం పొద్దుగాల ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది, పాత ఆల్టర్నేటర్‌తోనే.