కొరియాలో ఇంగ్లిష్ టీచర్‌గా వెళ్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయికి 25 ఏళ్లు. ఎం.ఏ. ఇంగ్లిష్, బి.ఎడ్. చేసి ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో 14 వేల జీతానికి పనిచేస్తోంది. కొరియన్ సీరియల్స్ చూసి చూసి ఆ భాష కూడా నేర్చుకుంటోంది. ఇప్పుడు దక్షిణ కొరియా వెళ్లి ఇంగ్లిష్ టీచర్‌గా చేస్తాను, అక్కడే సెటిల్ అవుతాను అంటోంది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నాలుగున్నర లక్షలు కడితే ఉద్యోగం గ్యారంటీ అన్నారు. టెఫెల్ అనే ఇంగ్లిష్ బోధన సర్టిఫికెట్ ఒకటుంటే చాలట. 20 వేలు అడ్వాన్స్ కట్టాం. నాకేమో దుబాయ్‌లో సీబీఎస్‌ఈ స్కూల్ నయమనిపిస్తోంది, అక్కడ మా బంధువులున్నారు. ఏది మంచిదో పోల్చి చెప్పండి. ఒంటరి ఆడపిల్ల, పైగా సంబంధాలు చూస్తున్నాం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మిగతా డబ్బు కట్టకండి. ముందు ఆ ఒక్క పని ఆపేయండి, తర్వాత నిదానంగా మాట్లాడుకుందాం.

కొరియాలో ఇంగ్లిష్ చెప్పే విదేశీయులకు ఇచ్చే వీసాని ఈ-2 అంటారు. అభ్యర్థికి ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చు అనే దానికన్నా ముందు పాస్‌పోర్ట్ ఏ దేశానిదో చూస్తారు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల వాళ్లకే ఆ తలుపు మామూలుగా తెరుచుకుంటుంది. వాళ్లలో జువాలజీ చదివిన 22 ఏళ్ల కుర్రాడు కూడా అర్హుడే, ఏదో ఒక డిగ్రీ ఉంటే సరిపోతుంది. మీ అమ్మాయి ఎం.ఏ., బి.ఎడ్. ఆ కుర్రాడి డిగ్రీ ముందు దిగదుడుపే. అన్యాయం కాదా అంటే అన్యాయమే. కానీ ఆ రూల్ రాసింది వాళ్లు, వాళ్ల దేశానికి. టెఫెల్ అన్నది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో 120 గంటలు చదివి తెచ్చుకోగలిగిన కాగితం. ఏడు దేశాల వాళ్లకు అది జీతం కాస్త పెంచుతుందేమో గానీ, మన పాస్‌పోర్ట్‌కు ఎనిమిదో స్థానం తెచ్చిపెట్టదు.

ఒక చిన్న సందు ఉంది, దాన్ని దాచను. భారత్, కొరియాల మధ్య 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సెపా అనే వాణిజ్య ఒప్పందం ప్రకారం, ఇంగ్లిష్ టీచర్ అర్హత ఉన్న భారతీయులు అక్కడి ప్రైమరీ, సెకండరీ స్కూళ్లలో అసిస్టెంట్ టీచర్లుగా పనిచేయొచ్చు. కొరియాలో మీ అమ్మాయి బి.ఎడ్. నిజంగా పనికొచ్చే చోటు ఇదొక్కటే. అయితే ఒప్పందంలో వీసా ఉన్నంత మాత్రాన స్కూల్లో కుర్చీ ఖాళీగా ఉండదు. అక్కడి ప్రభుత్వ స్కూళ్లకు విదేశీ టీచర్లను ఎంపిక చేసే ఎపిక్ అనే ప్రభుత్వ కార్యక్రమం చూపంతా ఆ ఏడు దేశాల మీదే. కాబట్టి ఏదైనా స్కూల్ మీ అమ్మాయి పేరు మీద సంతకం చేసిన కాంట్రాక్ట్ పంపితే నాకు చూపించండి, సంతోషంగా చదువుతాను. కన్సల్టెన్సీ లెటర్‌హెడ్ మీద 'గ్యారంటీ' అని రాసిచ్చినది మాత్రం కాంట్రాక్ట్ కాదు.

హాగ్వన్ అనే ప్రైవేట్ కోచింగ్ సెంటర్లలో పెట్టిస్తామని వాళ్లు అనొచ్చు. సెపా దారి హాగ్వన్‌ల దాకా పోదు. మరి నాలుగున్నర లక్షలకు ఏం చేస్తారయ్యా అంటే, నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చివరికి చేతిలో పెట్టింది డి-4, అంటే భాష నేర్చుకునే విద్యార్థి వీసా. లేదంటే విజిటింగ్ వీసా. 'ముందు వెళ్లండి, అక్కడ మార్చుకోవచ్చు' అంటారు. ఆ వీసాల మీద క్లాస్‌రూమ్‌లో నిలబడి పాఠం చెప్పడం నేరం. పట్టుబడితే జరిమానా, డిపోర్టేషన్, మళ్లీ కొన్నేళ్లు ఆ దేశం మొహం చూడనివ్వరు. కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం హైదరాబాద్‌లోనే ఉంటారు.

ఇంకో సంగతి. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్‌కు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో జాబితా ఉంటుంది. అలా రిజిస్టర్ అయినవాళ్లు అభ్యర్థి దగ్గర తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీకి పరిమితి 30 వేలు, పైన జీఎస్టీ. మీ దగ్గర అడిగింది ఎంత?

సరే, రేపు రూల్ మారి మీ అమ్మాయికి ఈ-2 వచ్చిందనుకుందాం. అప్పుడైనా నేను ఎగిరి గంతేయను. అక్కడి ఈ ఉద్యోగం మీద నాకున్న అనుమానాలు వీసాతో తీరేవి కావు.

హాగ్వన్‌లో విదేశీ టీచర్‌కు మామూలుగా నెలకు 21 నుంచి 27 లక్షల వోన్లు ఇస్తారు. లక్షలు చూసి కంగారుపడకండి, వోన్ మనకు ఆరు పైసల చుట్టుపక్కల ఉంటుంది. లక్షా ముప్పై వేల నుంచి లక్షా అరవై వేల రూపాయలు. ఉండటానికి ఒక చిన్న గది వాళ్లే ఇస్తారు, ఏడాది పూర్తిచేస్తే ఒక నెల జీతం అదనంగా చట్టప్రకారం రావాలి. 14 వేలు తెచ్చుకునే పిల్లకు ఇది స్వర్గంలా కనిపించడంలో తప్పులేదు. కానీ అదే దేశంలో 2025లో కనీస వేతనం గంటకు 10,030 వోన్లు. పూర్తి నెల లెక్కేస్తే సుమారు 21 లక్షలు. అంటే హాగ్వన్ టీచర్ మొదటి జీతం, అక్కడ షాపులో కౌంటర్ మీద పూర్తి నెల నిలబడే మనిషి జీతం దాదాపు ఒకటే. కాకపోతే గది అద్దె కలిసొస్తుంది.

ఆ ఏడాది చివర వచ్చే నెల జీతం ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో మనిషిని తీసేసే యజమానులు కూడా ఉన్నారు. వీసా ఆ యజమానికే ముడిపడి ఉంటుంది, మధ్యలో వేరే చోటికి మారాలంటే చాలావరకు అతని అంగీకార పత్రం కావాలి. గది కూడా అతనిదే. ఉద్యోగం పోయిన రోజే ఇల్లు కూడా పోతుంది, అదీ జనవరిలో సున్నాకు పది డిగ్రీల కింద. స్కూల్ వదిలాక పిల్లలు వచ్చే చోటు కాబట్టి హాగ్వన్ పని చాలాచోట్ల మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిది, పది దాకా ఉంటుంది. సియోల్‌లో పది తర్వాత హాగ్వన్‌లు నడపకూడదని నిబంధనే పెట్టాల్సి వచ్చింది. మన కార్పొరేట్ కాలేజీల స్టడీ అవర్లు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా లోతైన అనుమానం ఒకటుంది. ఈ ఉద్యోగంలో మెట్లు లేవు. 25 ఏళ్లకు ఏ జీతంతో చేరిందో 35 ఏళ్లకూ ఇంచుమించు అదే గదిలో, అదే పాఠంతో ఉంటుంది. ఏడాదికోసారి కాంట్రాక్ట్, ఏడాదికోసారి టెన్షన్. అమెరికా నుంచి, ఇంగ్లండ్ నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది ఒకటి రెండేళ్లు దేశం చూసి, చదువు అప్పు కొంత తీర్చుకుని వెనక్కి వెళ్లిపోతారు. వాళ్లకు అది ఒక మజిలీ. మీ అమ్మాయి దాన్ని జీవితం అనుకుంటోంది. పైగా అక్కడ పిల్లలే తగ్గిపోతున్నారు. 1970ల మొదట్లో ఏడాదికి పది లక్షల మంది పుట్టిన దేశంలో 2023లో పుట్టింది 2 లక్షల 30 వేల మంది. ఒక్కో మహిళకు సగటున 0.72 సంతానం. ప్రాథమిక పాఠశాలలు మూసేస్తున్నారు. పిల్లలే లేని చోట పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం ఎన్నాళ్లు నమ్ముకుంటాం చెప్పండి.

మన తెలుగువాళ్లలో అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. వాళ్లకు రూల్ అడ్డం కాదు, దరఖాస్తుతో పాటు పంపమనే ఫొటో అడ్డం. టీచర్ తెల్లగా ఉంటే తల్లిదండ్రులు ఫీజు కడతారని నమ్మే యజమానులు అక్కడ తక్కువేం కాదు. పెళ్లిచూపుల్లో ఫొటో చూసి రంగు గురించి మాట్లాడే మనం దీనికి మరీ ఆశ్చర్యపోకూడదు లెండి.

అక్కడ బతకడం కష్టమా అంటే, ఉద్యోగం సరైనదైతే కష్టం కాదు. వెళ్లిన 90 రోజుల్లోపు రెసిడెన్స్ కార్డు తీసుకోవాలి, అది వచ్చేదాకా ఫోన్ కనెక్షన్‌కూ బ్యాంకుకూ తిప్పలు. కార్డు వచ్చాక ఆరోగ్య బీమా, బస్సు, మెట్రో అన్నీ సాఫీగా నడుస్తాయి. శాకాహారులకు మాత్రం చుక్కలు కనిపిస్తాయి, కిమ్చీ అనే వాళ్ల ఊరగాయలో కూడా చేపల సాస్ పడుతుంది. కందిపప్పు, కరివేపాకు కావాలంటే సియోల్‌లో ఇటెవాన్ మసీదు చుట్టుపక్కల దుకాణాలు ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ఆడపిల్ల ఒంటరిగా మెట్రో దిగి నడిచి రావడం అక్కడ మామూలు విషయం. ఆ మాటకొస్తే మీ ఒంగోలులో ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఆమె పడే భయం కన్నా తక్కువే.

ఇక మీ భయం. 'ఒంటరి ఆడపిల్ల' అని కొరియా విషయంలో రాశారు, దుబాయ్ విషయంలో రాయలేదు. బంధువులుంటే ఒంటరి కాదనుకున్నారు. మీకు నిద్ర పట్టనిది భద్రత గురించి కాదేమో ఆలోచించండి. పిల్ల చేయిదాటి పోతుందని, అక్కడెవరినో చేసుకుంటుందని, సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలా అని. తల్లి కాబట్టి ఆ భయం ఉంటుంది, నేను కాదనను. కానీ కొంచెం గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. రెండు పట్టాలున్న అమ్మాయి 14 వేలకు చాకిరీ చేస్తుంటే మీకు నిద్ర పట్టింది. ఆ స్కూల్ వేసవి సెలవుల్లో జీతం ఇస్తుందో లేదో ఎప్పుడైనా అడిగారా? ఆమె ఒక దేశం పేరు చెప్పగానే మాత్రం, ఎంబసీ వెబ్‌సైట్ ఒక్కసారి కూడా తెరవకుండా, తెలియని వాళ్ల చేతిలో 20 వేలు పెట్టారు. కట్నం కోసం దాచిన డబ్బులోంచే తీశారేమో అని నా అనుమానం. ఆమెతో కూర్చుని 'ఆ దేశంలో నీకేం నచ్చింది' అని అడిగి ఉంటే ఈ ఉత్తరమే వేరేగా ఉండేది.

ఎందుకంటే నాకు అర్థమైనంతవరకు ఆమెకు కావలసింది కొరియా. ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం కేవలం చేతిలో ఉన్న టికెట్ అనుకుంటోంది. ఆ టికెట్ చెల్లదు, అంతే. ఆమె సీరియల్స్ చూసి నేర్చుకుంటున్న కొరియన్ భాషే నిజానికి చెల్లుతుంది.

టోపిక్ అనే కొరియన్ పరీక్షలో ఆరు స్థాయిలు. మూడో స్థాయి దాటితే మాట వేరు. గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ అని వాళ్ల ప్రభుత్వమే ఇస్తుంది. విమానం టికెట్, ఒక ఏడాది భాషా శిక్షణ, ఆ తర్వాత రెండేళ్ల పీజీ ఫీజు, నెలనెలా ఖర్చులకు డబ్బు, అన్నీ అందులోనే. పీజీకి ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రకటన వస్తుంది, మార్కులు 80 శాతం పైన కావాలి. పోటీ గట్టిగానే ఉంటుంది, మొదటిసారే వస్తుందని నేను చెప్పను. కానీ దరఖాస్తుకు లక్షలు అక్కర్లేదు. అక్కడ చదివి, భాష వచ్చి, ఉద్యోగం వెతుక్కునే మనిషికి డి-10, ఉద్యోగం దొరికాక ఈ-7 వంటి వీసాలు ఉన్నాయి. స్థిరపడటం అనే మాట అప్పుడు మాట్లాడొచ్చు.

స్కాలర్‌షిప్ రాకపోయినా భాష వృథా కాదు. పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది, దాని చుట్టూ కొరియా విడిభాగాల కంపెనీలు వచ్చాయి. శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. కొరియన్, తెలుగు, ఇంగ్లిష్ మూడూ శుభ్రంగా మాట్లాడే మనిషి ఆ ఫ్యాక్టరీల్లో ఎంత అవసరమో వెళ్లి అడిగితే తెలుస్తుంది. ఇంగ్లిష్ టీచర్లు జిల్లాకు వేలమంది ఉన్నారు, కొరియన్ వచ్చిన తెలుగు అమ్మాయిలు ఎంతమంది?

దుబాయ్‌తో పోల్చమన్నారు. క్లుప్తంగా చెప్తాను. ఇవాళ్టికివాళ ఆమె చేతిలో ఉన్న పట్టాలకు నిజంగా ఉద్యోగం దొరికేది అక్కడే. బి.ఎడ్.కు విలువ ఉంది, జీతం మీద ఆదాయపు పన్ను లేదు, మీ బంధువులూ ఉన్నారు. కానీ మూడు నాలుగు వేల దిర్హమ్‌ల దగ్గర మొదలుపెట్టే స్కూళ్లు చాలా ఉన్నాయి, అద్దె అందులోంచే కట్టాల్సి వస్తే చేతిలో మిగిలేది చూసి ఏడుపొస్తుంది. ఇల్లు ఇచ్చే స్కూల్ అయితేనే ఆలోచించండి. అదీ ఆమె ఒప్పుకుంటేనే. మీకు నిద్ర పట్టడానికి ఆమెను దుబాయ్ పంపకండి.

ఈ వారం చేయాల్సింది ఇది. కన్సల్టెన్సీకి ఈ-మెయిల్ రాయండి, ఫోన్ వద్దు. ఏ వీసా, ఏ స్కూల్, మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని మూడు ప్రశ్నలు. వారంలో సమాధానం రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇమ్మని అదే మెయిల్ మీద రాయండి, రసీదు జత చేయండి. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఒంగోలులోనే ఉంది. ఈ పనంతా మీరు చేయకుండా మీ అమ్మాయి చేత చేయించండి. ఆమె టోపిక్ ఏ స్థాయి దాకా వచ్చిందో, డిగ్రీ, పీజీల్లో ఎంత శాతం వచ్చిందో నాకు ఆమెనే రాయమనండి.